దవడ వాచిన నిమ్మకాయ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. ఇంట్లో ఎలుక కనబడిందని చెప్పడానికి బయలుదేరితే, బజారు మొదట్లో అది పందికొక్కు అవుతుంది, గడియారస్తంభం దగ్గరికి చేరేసరికి నల్లమల నుంచి దారి తప్పి వచ్చిన చిరుత అవుతుంది. అబద్ధమాడాలని కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే వినేవాడి ముఖంలో ఏ కదలికా ఉండదు, అది నేను భరించలేను. పైగా ముప్ఫయ్యేళ్లు గోడల మీద అక్షరాలు రాసి బతికినవాణ్ణి. చిటికెనవేలంత మాటను మనిషెత్తు చేయడమే నా వృత్తి. కాబట్టి ఈ రాతలో ఎక్కడైనా ఎత్తు, బరువు, చప్పుడు మితిమీరి కనిపిస్తే మీకు తోచినంత కోసేసుకోండి. మనుషులు మాత్రం నిజం. వాళ్లలో ఒకాయన ఇప్పుడు లేడు. ఆయన ఎందుకు లేడో చెప్పడానికే కూర్చున్నాను.

ఆయన మా మేనత్త కొడుకు, నాకు బావ. నాలుగేళ్లు పెద్ద. మార్కాపురంలో మా ఇద్దరిదీ ఒకే పని. గోడ మీద బొమ్మ ఆయనది, అక్షరం నాది. ఆయన్ని చంపింది ఒక గడ్డ. అది పుట్టిన చోటు పేరు ఆయన నోరు తెరిచి పలకలేకపోయాడు. మొదట్లో అది రేగుపండంత ఉండేది. అప్పుడే చూపించి ఉంటే తీసేసేవాళ్లమని తర్వాత గుంటూరులో డాక్టరమ్మ చెప్పింది. చూపించడానికి ఆయనకు ఏడాది పైన పట్టింది. నేను చెప్పేదంతా ఆ ఏడాది గురించి, ఆయన చేత నోరు తెరిపించాలని మా అక్క వేసిన బొమ్మల గురించి. అక్క అంటే బావ భార్య.

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా మేము రాయని గోడ లేదు. సిమెంటు, ఎరువులు, బళ్లు, ఎన్నికలు, అన్నీ రాశాం. ఎండలో కదలకుండా పడుకున్న గేదె కనబడితే దాని మీద కూడా సున్నం కొట్టి దారం లాగి గీత గీసేవాళ్లమే, యజమాని దొరక్క మానుకున్నాం. వీటన్నిటిలో ఏనాడూ తెగని పని ఒకటుండేది, లాడ్జి డాక్టరుది. నెలకోసారి ఆదివారం వచ్చి లాడ్జి పై అంతస్తులో గది తీసుకునేవాడు. ఎక్కడివాడో, ఏం చదివాడో మాకు తెలియదు. ఆయన మాకిచ్చే మాటలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను: రహస్య వ్యాధులు, నరాల బలహీనత, యవ్వనంలో తెలియక చేసిన తప్పులు. అన్నీ నీలం, 'తప్పులు' ఒక్కటి ఎరుపు. ఆ ఎరుపు ఆయన షరతు.

ఏ గోడ మీద రాయాలో కనిపెట్టింది బావ. బస్టాండు వెనక, సినిమా హాలు పక్కసందు, సంత దగ్గర మలుపు. మగవాళ్లు గోడకు ఎదురుగా నిలబడి పంచె ఎత్తుకునే చోట్లన్నమాట.

"ఇంతకన్నా మంచిగా చదివేటోడు నీకు యాడ దొరుకుతాడ్రా? మొదలుపెట్టినాక మధ్యలో పోలేడు," అనేవాడు.

నిజమే. ఏ పత్రికకూ అంత కట్టుబడిన పాఠకులు ఉండరు. ఆ గోడల వాసనకు మాత్రం మా టర్పెంటైన్ డబ్బా తనంతట తానే మూత వేసుకునేది. బావ అక్కడ ఇద్దరు మగవాళ్లను వేసేవాడు. ఒకడు తల పట్టుకుని కూర్చున్నవాడు, రెండోవాడు మీసం మెలితిప్పి ఛాతీ విరుచుకున్నవాడు. మొదటివాడికి నన్ను కూర్చోబెట్టి చూసి వేశాడు. రెండోవాడికి సరిపోయే ఛాతీ తాలూకా అంతా వెతికినా దొరక్క, ఊహించి వేశాడు.

నవ్వుతూనే రాశాం గానీ, ఆ గోడలను మేము రాయకముందు చదివాం. మీసం మొలవని రోజుల్లో, మాకంటే ముందు ఎవరో రాసిన ఎర్ర అక్షరాల ముందు మేమూ నిలబడ్డాం. బళ్లో పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు అయ్యవారు పుస్తకం మూసి 'మీరే చదువుకోండి' అన్నాడు. మా ఒంటి గురించి మాకు చెప్పింది ఆ గోడలే. అవి చెప్పింది ఒకటే: నీ ఒళ్లు నీ తప్పు. నేను దాన్ని ఎగతాళి చేసి దులుపుకున్నాను, లేదా దులుపుకున్నానని అనుకున్నాను. బావ దులుపుకోలేదు. పెళ్లి ఆలస్యంగా చేసుకున్నాడు. పిల్లలు పుట్టలేదు. అక్క రెండుసార్లు ఒంగోలు పోయి పరీక్షలు చేయించుకుని వచ్చింది, ఆయన ఒక్కసారీ పోలేదు. "మగోళ్లకు ఆ పరీక్ష ఎట్ల చేస్తారో తెలుసారా నీకు?" అని ఒకరోజు నన్నడిగి, నేను నోరు తెరిచేలోపే సిమెంటు బస్తా బొమ్మకు ఏ రంగు బాగుంటుందో మాట్లాడాడు.

అక్క పలకల ఫ్యాక్టరీలో పని చేసేది. నల్లరాయిని పలచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగించే చోటు. మూల విరిగినవీ గీత పడినవీ ఒక పక్కకు పడేస్తారు. అవి అక్క సంచిలో ఇంటికి చేరేవి. ఆ ఇంట్లో ఎటు అడుగు వేసినా పలక. ఇంకొన్నాళ్లుంటే ఇడ్లీలు కూడా పలకల మీదే వడ్డిస్తుందేమోనని భయపడేవాణ్ణి.

ఒక వానాకాలం అక్కకు ఒంటి మీద దద్దుర్లు లేచాయి. నర్సమ్మ చూసి, "లోపలి బట్టలు ఎండలో ఆరేస్తున్నావా?" అని అడిగిందట. అక్కకు నవ్వొచ్చిందట. మా వైపు ఏ ఇంట్లోనూ ఆడవాళ్ల లోపలి బట్టలు ఎండ మొహం చూడవు. తాడు మీద మొదట అవి, వాటి మీద తువ్వాలు, తువ్వాలు మీద పాత చీర. మార్కాపురంలో ఎండకు కొదవా? మా ఎండను బస్తాల్లో నింపి పంపితే ఊటీ కూడా వడదెబ్బ తగిలి పడిపోతుంది. అంత ఎండలో చెమ్మవాసన కొట్టే వస్తువు అదొక్కటే.

మర్నాడు అక్క తువ్వాలు తీసేసి ఆరేసింది. వాళ్లుండేది అద్దె ఇల్లు. ఇంటామె వెనక వాకిట్లోనే ఉంటుంది. అరవై దాటిన మనిషి.

"ఏమ్మే, నలుగురు మగోళ్లు తిరిగే వాకిలి. ఏందిది?"

"గుడ్డలు పెద్దమ్మా."

"గుడ్డలని నాకు కనపడటంలా? కప్పు."

"కప్పితే దద్దుర్లు వస్తున్నాయి పెద్దమ్మా."

"దద్దుర్లు లోపల కదే ఉండేది, ఎవురికి కనపడతాయి?"

అక్క మళ్లీ తువ్వాలు కప్పింది. అదే రోజు సాయంత్రం బావ మిగిల్చిన రంగుల డబ్బాలు ముందేసుకుని, జీవితంలో మొదటిసారి పలక మీద బొమ్మ వేసింది. ఒక తాడు. తాడు మీద కాలు మీద కాలేసుకుని ఒక బాడీ, ఒక లంగా, రెండింటికీ చలువ కళ్లద్దాలు. బాడీ చేతిలో గోలీసోడా. పక్కనే ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని, నోరు తెరిచి గురకపెడుతున్న తువ్వాలు. అన్నీ డబ్బాలోంచి తీసినట్టే ఉండే రంగులు, పచ్చి పసుపు, నీలం, గులాబీ. చుట్టూ లావుపాటి నల్ల గీత. నీడలు వేయడం రాక, నీడ ఉండాల్సిన చోటల్లా అగ్గిపుల్ల తలకాయతో ఒకే తీరుగా చుక్కలు పెట్టింది. ఆ పలకను తెల్లారి తాడుకే తగిలించింది.

ఇంటామె వచ్చి చూసింది. చూస్తూనే నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ కావిరంగు లంగా నాది మాదిరి ఉందే?"

"మీదే పెద్దమ్మా."

"మరి నా లంగా అద్దాలు చిన్నవిగా ఉండాయేంది?"

అక్క అప్పటికప్పుడు అద్దాలు పెద్దవి చేసింది. ఆ రోజు నుంచి ఇంటామె లంగా కూడా ఎండలోకి వచ్చింది. అయితే గోడ వైపు తిరిగి.

తర్వాత అక్క చేయి ఆగలేదు. మందుల షాపులో మూడు కాగితాలు చుట్టి నల్ల కవర్లో వేసి ఇస్తారే ఆ ప్యాకెట్టు, దాన్ని తల మీద ముసుగేసుకుని ఇద్దరు కాగితపు పోలీసుల మధ్య నడిచే దొంగలా వేసింది. లాడ్జి మెట్ల మీద కోతిటోపీలు పెట్టుకుని, ఒకదాని మొహం ఒకటి చూడకుండా వరసలో నిలబడ్డ వంకాయలను వేసింది. ఇంటామె మనవరాలు విజయవాడలో చదువుతుంది. సెలవులకు వచ్చి ఫోన్లో ఫొటోలు తీసుకుని, "ఆంటీ, దీన్ని పాప్ ఆర్ట్ అంటారు, తెలుసా?" అంది.

"నాకేం తెలుసమ్మా, మిగిలిన రంగులు ఎండిపోతాయని వేసినా," అంది అక్క.

బావకు ఇవి మింగుడుపడలేదు. "ముక్కుకు లెక్క లేదు, బొమ్మకు నీడ లేదు. ఇదేం బొమ్మ?" అనేవాడు. వంకాయల పలక చూసినప్పుడు మొహం ముడుచుకున్నాడు. "మనకు కూడు పెట్టే గిరాకీని ఎగతాళి చేస్తావేందే?" అన్నాడు. కానీ మర్నాడు పొద్దున చూస్తే అక్క డబ్బాల్లో గట్టిపడిన రంగులు టర్పెంటైన్ పోసి కలిపి ఉన్నాయి. ఆయన తప్ప ఆ ఇంట్లో అట్లా కలిపేవాళ్లు లేరు.

ఆ చలికాలం చివర మేమిద్దరం పెద్దదోర్నాలలో ఒక హోటలు గోడ రాస్తున్నాం. శివరాత్రికి శ్రీశైలం పోయే జనం దిగుతారని హోటలువాడి తొందర. 'టిఫిన్లు, భోజనం' నేను రాసేశాను. బావ నిచ్చెన మీద నిలబడి ఇడ్లీ ప్లేటు వేస్తున్నాడు. నేను కింద డబ్బాలు అందిస్తున్నాను. ఇడ్లీలు అయిపోయాయి. ఆవిరి వేయాలి. బావ ఆగాడు.

"ఒరే."

"ఆ."

"నాకు ఒక చోట గడ్డ లేచిందిరా."

"యాడ?"

నోటితో చెప్పలేదు. కుంచెను కిందికి, లుంగీ ముడి దగ్గరికి తిప్పి చూపించాడు. కుంచె చివర నుంచి ఒక తెల్ల బొట్టు నా భుజం మీద పడింది.

"గుడ్డు పొదగేసినావా ఏంది బావా?" అన్నాను. "పిల్ల బయటికొచ్చినాక చెప్పు, పేరు పెడదాం."

బావ నవ్వాడు. నిచ్చెన ఊగింది. ఆ నవ్వుకు అటవీశాఖ చెక్‌పోస్టు గేటు దానంతటదే లేచి, రెండు లారీలు తనిఖీ లేకుండా పోయాయి. తర్వాత నేను నిచ్చెనను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అన్నాను: "నవ్వులాటకు అన్నా గానీ, రేపు పొద్దున బండికి గుంటూరు పోదాం బావా. నేనొస్తా నీతో."

"శివరాత్రి పనులు ఐపోనీరా."

"శివరాత్రి నీ కోసం ఆగుతుందిగానీ గడ్డ ఆగదు. పోదాం."

"అట్లనే లే. మీ అక్కకు మాత్రం చెప్పబాక."

"చెప్పను. నువ్వు రా."

మూడుసార్లు చెప్పాను. ఈ మూడు మాత్రం పెంచిన లెక్క కాదు. బావ తల ఊపి, ఇడ్లీ మీద ఆవిరికి నాలుగు వంకర గీతలు గీశాడు. శివరాత్రి పోయింది. ఎండలు వచ్చాయి, పోయాయి. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ ఏడాది తలచుకుంటే నాకు కనబడేవి చిన్న చిన్న సంగతులే. మోపెడ్ నడపడం మానేశాడు. పెట్రోలు మండిపోతుందన్నాడు. వెనక కూర్చోవాల్సి వస్తే ఆడపిల్లలా ఒకవైపుకు కూర్చునేవాడు. బజారులో ఎవరో నవ్వితే, "నడుం నొప్పి," అన్నాడు. రెండు లుంగీలు, ఒకదాని మీద ఒకటి. నిచ్చెన ఎక్కడం తగ్గించి కింది బొమ్మలే వేసేవాడు. దాంతో ఆ ఏడాది మా గోడల మీద మనుషులంతా మోకాళ్ల ఎత్తులోనే పుట్టారు. స్నానాల గదిలో గంటలు గంటలు. ఒక ఆదివారం లాడ్జి మెట్లు ఎక్కుతూ నాకు కనబడ్డాడు. రాత పని మాట్లాడటానికేమో అనుకున్నాను. చేతిలో పొట్లంతో దిగాడు. ఒంట్లో వేడి అన్నాడట ఆ డాక్టరు. నూరుకుని తాగమని పొడి, రాసుకోమని ముద్ద. బావ సబ్జాగింజల నీళ్లు చెంబులకు చెంబులు తాగాడు. మా గోడ మీది మాటలను ఆ ఊళ్లో అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఆయనే.

అక్క ఒకటికి పదిసార్లు అడిగిందట. పదకొండోసారి ఆయన అరిచాడు, "ఆడదానికి ఎందుకే ఇయన్నీ?" అని. అంతకుముందెన్నడూ ఆమె మీద గొంతు పెంచని మనిషి. మర్నాడు అక్క ఫ్యాక్టరీ నుంచి నేరుగా నా షాపుకు వచ్చింది. గోడలు తగ్గిపోయాక ఫ్లెక్సీల షాపు పెట్టాను. మిషను చప్పుడులో వినబడదేమోనని దగ్గరికొచ్చి నిలబడింది.

"తమ్ముడా, మీ బావ నీకేమన్నా చెప్పినాడా?"

"ఏం గురించక్కా?"

"ఏదో ఒకటి. ఒంట్లో బాగలేదని, నొప్పని. మగోళ్లు మగోళ్లు చెప్పుకుంటారు గదా."

"నాకేం చెప్పలేదక్కా."

మాట ఇచ్చాను కదా మరి. అక్క నా మొహంలోకి చూసింది. పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి మిషనులోంచి జారుతూ మా ఇద్దరి మధ్యకు వచ్చింది. దాని మీద ఒకాయన కేకు కోస్తూ నవ్వుతున్నాడు. అక్క దాన్ని మడత పడకుండా పట్టుకుని, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ వారమే ఆ పలక వేసింది. ఒక గుడ్డసంచి, అందులో ఉయ్యాల్లో కూర్చున్నట్టు రెండు నిమ్మకాయలు, కాళ్లూ చేతులతో సహా. ఒకటి నున్నగా, కులాసాగా ఉంది. రెండోదానికి దవడ వాచింది. పన్ను నొప్పి వచ్చినవాళ్లలా గడ్డం కింద నుంచి నడినెత్తికి తువ్వాలు కట్టుకుని దిగులుగా చూస్తోంది. మంచి నిమ్మకాయ దాని భుజం మీద చేయి వేసి, రెండో చేత్తో ఆసుపత్రి ఓపీ చీటీ పట్టుకుంది. వెనకంతా గులాబీ రంగు చుక్కలు. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. స్నానాల గదిలో అద్దం తీసేసి ఆ మేకుకే పలక తగిలించింది, సరిగ్గా బావ కళ్ల ఎత్తుకు. తలుపు వేసుకున్న మగవాడు మధ్యలో వదిలి పోలేని గోడ మా ఇద్దరికే తెలుసనుకున్నాం. ఆమెకూ తెలుసు.

ఆ పొద్దున ఏం జరిగిందో అక్క చెప్పింది. బావ లోపలికి పోయాడు. ఎంతసేపటికీ నీళ్ల చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినబడింది. ఆ నవ్వు సాగి సాగి వేరే చప్పుడైంది. అక్క వంటింట్లో చేతిలో గరిటెతో అట్లాగే నిలబడింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"ఏమే."

"ఆ."

"నీకెట్ల తెలిసింది?"

"మోపెడ్ మీద పెళ్లికూతురు మాదిరి పక్కకు కూర్చుంటివి. తెల్వకపోనీకి నాకు కళ్లు లేవా?"

తలుపు ఇంకో బెత్తెడు తెరుచుకుంది.

"వాచింది ఎడమదే," అన్నాడు బావ. "నువ్వు కుడిదానికి కట్టినావు తువ్వాలు."

"రేపు పొద్దున బండికి పోదాం. తువ్వాలు డాక్టరే మారుస్తారు."

పోయారు. నేనూ పోయాను. గుంటూరులో డాక్టరమ్మ మా అందరికంటే చిన్నది. పన్ను చూసినంత మామూలుగా చూసిందట. తెర వెనక నుంచి బావ లుంగీ సర్దుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఉంది?" అందామె.

"ఏడాది పైన, అమ్మా."

"ఇన్నాళ్లూ ఎవరికైనా చెప్పారా?"

బావ పక్కన అక్క కూర్చుని ఉంది. తలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను. బావ కిటికీ వైపు చూశాడు.

"లేదమ్మా. ఎవురికీ చెప్పలే."

ఆమె అదే రాసుకుంది.

అప్పటికే అది పొట్టలోకీ ఊపిరితిత్తుల్లోకీ పాకింది. ఆపరేషన్ చేశారు. సూదిమందు ఎక్కించారు. జుట్టు, కనుబొమ్మలు, మీసం అన్నీ రాలిపోయాయి. గోడల మీద ఎందరికో మీసాలు మెలితిప్పినవాడు పైపెదవి తడుముకుంటూ పడుకునేవాడు. అక్క వార్డుకు కూడా విరిగిన పలకలు తెచ్చింది. ఆమె గీతలు గీస్తే ఆయన పడుకునే అగ్గిపుల్లతో చుక్కలు పెట్టేవాడు. వరస తప్పితే ఆమె, "నీడ లేని బొమ్మకు చుక్కన్నా సరిగ్గా పెట్టలేవా?" అని దెప్పేది. పక్క మంచాలవాళ్లు పలకలు అడిగి తీసుకుని, చూసి నవ్వుకుని, దుప్పటి కింద దాచుకునేవారు. మరుసటి ఎండాకాలం ముదరకముందే బావ మార్కాపురంలో, ఇంట్లో, మధ్యాహ్నం పూట పోయాడు. తాడు మీద బట్టలు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. వాటిని తీయాలని ఎవరికీ తోచలేదు.

దినాలకు వచ్చినవాళ్లంతా 'కడుపులో గడ్డ' అన్నారు. బంధువులందరూ కలిసి ఆ గడ్డను జానెడు పైకి జరిపేశారు. అక్క వచ్చిన ప్రతివాళ్లకూ సరిచేసింది. "కడుపులో కాదు పిన్నమ్మా. వృషణంలో." ఆడవాళ్లు లేచి పక్కకు పోయారు. మగవాళ్లు ఆకాశం చూశారు. "మొగుణ్ణి మట్టిలో పెట్టి ఇవేం మాటలే?" అని ఒకామె అంది. "ముందే అనుంటే మట్టిలో పెట్టకపోదుము పిన్నమ్మా," అని అక్క ఆమెకు మజ్జిగ గ్లాసు అందించింది.

నెలలు గడిచాక ఒకరోజు అక్క నన్ను గిద్దలూరు తీసుకుపోయింది. బస్టాండు వెనక గోడ. లాడ్జి డాక్టరు అప్పటికి రావడం మానేశాడు. కానీ మా రాత ఇంకా ఉంది. నీలం వెలిసిపోయింది, ఎరుపు మాత్రం నిలిచింది. ఆ గోడ టీ హోటలు నడిపే ఒక సాయిబుగారిది. పెద్దాయన.

"ఏం బొమ్మ వేస్తావమ్మా?" అన్నాడాయన.

అక్క పలక చూపించింది. ఆయన కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశాడు. "యా అల్లా," అని గడ్డం గోక్కున్నాడు. నవ్వు ఆపుకోవడానికని నాకర్థమైంది. "ఏసుకో అమ్మా. నా చాయ్ తాగేటోళ్లు నిమ్మకాయ చాయ్ అడగకుండా చూసుకో."

నేను సున్నం కొట్టాను. ఎరుపు మునగడానికి మూడు పూతలు పట్టింది. అక్క రెండు రోజులు వేసింది. గోడంత నిమ్మకాయలు. మంచినిమ్మకాయ కన్ను ఒక్కటే తప్పెట అంత ఉంటుంది. ఈసారి తువ్వాలు ఎడమదానికి కట్టింది. జనం మూగారు, కొందరు తిట్టారు, ఒకాయన పిల్లవాడి కళ్లు మూశాడు, చాలామంది నవ్వారు. నవ్వి పోయినవాళ్లలో ఒకతను వెనక్కి వచ్చి, టీ తాగుతున్నట్టు నిలబడి, సాయిబుగారిని మెల్లగా అడిగాడు, ఆ చీటీ ఏ ఆసుపత్రిలో ఇస్తారని. అక్క విన్నది. తల తిప్పలేదు గానీ, కుంచె కడుగుతున్న చేయి ఆగింది.

సాయంత్రానికి బొమ్మ కింద జాగా మిగిలింది.

"అక్కడ అక్షరాలు నువ్వు రాయి తమ్ముడా," అంది. "ఎవురికన్నా ముందే చెప్పుకోండి, అని రాయి. మీ బావ ఎవురికీ చెప్పకనే పాయె."

దారానికి నీలప్పొడి అద్ది గోడకు కొట్టాను. గీత పడింది. కుంచె ముంచాను. మొదటి అక్షరం దగ్గర చేయి పైకి లేవలేదు. భుజం పట్టేసిందని చెప్పాను. "సరే, ఇంకోసారి రాద్దువులే," అంది. ఆ ఇంకోసారి రాలేదు. గిద్దలూరు పోతే మీరే చూడొచ్చు, నిమ్మకాయల కింద నీలంగీత ఒకటి ఖాళీగా ఉంటుంది.

చేయి ఎందుకు లేవలేదో చెప్పాలంటే, ఈ రాతలో నేను కల్పించినది ఏదో చెప్పాలి. చెక్‌పోస్టు గేటు లేవలేదు, లారీలు పోలేదు. నిమ్మకాయ కన్ను పళ్లెమంతే ఉంటుంది. అవి పెంచినవి, కల్పించినవి కావు. కల్పించింది ఒక్క చోటే. దోర్నాలలో నిచ్చెన పట్టుకుని గుంటూరు పోదామని మూడుసార్లు అన్నానని రాశాను. ఒక్కసారి కూడా అనలేదు. అక్కకు చెప్పవద్దని బావ నన్ను అడగనూ లేదు, నేను మాట ఇవ్వనూ లేదు. షాపులో ఆమె అడిగినప్పుడు చెప్పి ఉంటే, నువ్వేమన్నావని అడిగేది. అందుకని చెప్పలేదు.

గుడ్డు, పిల్ల, పేరు. నేను అన్నది అంతవరకే. బావ నవ్వాడు. నవ్వు అయిపోయాక, ఇంకేమైనా అంటానేమోనని కాసేపు పైనుంచి నావైపే చూశాడు. నేను తెల్లరంగు డబ్బా పైకి అందించాను.